చిల్లులు పడని ఆకు

మొదటి వారం నేనేం జేసిననో చెప్తే
నవ్వుతవ్, రాజలింగూ.
పద్దెనిమిదో అంతస్తు, లిఫ్టు పక్క మూల,
కుండీల చాటలంత ఆకులు.
ఆకుకు ఏడెనిమిది చిల్లులు.
పత్తి చేన్ల పెరిగినోణ్ణి గదా,
పురుగే అనుకున్న.
తిరగేసి చూసిన. గుడ్లు లేవు, పెంటికలు లేవు.
రాత్రి తిని పగటీలి దాక్కునే జాతి కావచ్చని
మూడు ఆకులు కోసి, కవర్ల మూట గట్టి
చెత్తల ఏసిన.

రిసెప్షన్ల జోసెలిన్ నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నది.
"భయ్యా, అదే దాని అందం" అన్నది
తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలల్ల.
చిల్లులు అందమట!
అష్రఫ్ సార్ జీతంల నలభై దిర్హాములు కోసిండు.
నేను ఆకులు కోసిన, ఆయన పైసలు కోసిండు.

రేపటి సంది నాకు అల్ ఐన్ సైటు.
ముసఫ్ఫా క్యాంపుల బస్సు ఎక్కినంక
నువ్వు ఎంత ఫోన్ జేసినా సిగ్నల్ దొరకది,
ఇప్పుడే ఇను.

దీనికి బాగలేకుంటే
కొత్త ఆకు చిల్లుల్లేకుండ వస్తది.
నున్నగ, నిండుగ, ముచ్చటగ.
మోసపోకు.
ఎలుతురు సాలక గట్ల పుట్టింది అది.

కింది ఆకు పసుపు పారిందా, నీళ్ల డబ్బా పక్కకు పెట్టు.
ఎండిందనుకుంటం మనం. మన కండ్లు గట్ల అలవాటైనయ్.
అది మునిగిన పసుపు.
మట్టిల వేలు పెట్టు. రెండు కణుపుల లోతు తడి తగిల్తే
ఆ దినం దాని జోలికి పోకు.
మడుగు వాసనొస్తే కుండీ బోర్లించి
నల్లగ మెత్తవడ్డ వేరు కోసెయ్,
తెల్లది ఉంచు.

ఆకు సందుల దూది లెక్క కనవడితే మాత్రం
అది పురుగే.
మన దగ్గర పత్తిని పురుగు తింటది,
ఇక్కడ పురుగే పత్తి కప్పుకొని వస్తది.
సబ్బు నీళ్ల గుడ్డతోని తుడు. మందు కొట్టకు,
ఏసీల పడ్డ వాసన మూడు అంతస్తులు తిరుగుతది.
నాకెట్ల ఎర్కనో అడగకు.

సన్న దోమలు లేస్తే అది చాయ్ దోషం.
అకౌంట్స్‌ల ఒకాయన, పేరు చెప్పను,
నాలుగు గంటలకు ఫోన్ పట్టుకొని ఈ మూలకొస్తడు.
చాలాసేపు ఏమనడు. ఇంటనే ఉంటడు.
పెట్టేసినంక చక్కెర చాయ్ కుండీల వంపి పోతడు.
జోసెలిన్ గూడ వస్తది, బుధవారాలు,
ఆకు చాటుకు నిలవడి కండ్లు తుడ్చుకొని
లిప్‌స్టిక్ సర్దుకొని పోతది.
పైకి చూసినవా?
ఈ అంతస్తు మొత్తంల కెమెరా పడని జాగ
గిదొక్కటే.

మొక్కకేమో అద్దం దిక్కు ఎలుతురు గావాలె.
జరిపి చూసిన ఒకపారి. రెండు దినాలు
ఆయన మూల దాకా వచ్చి, బోడి గోడ చూసి,
ఫోన్ జేబుల ఏసుకొని మర్లిపోయిండు.
గందుకే శుక్రవారం అందరు పోయినంక
అద్దం దిక్కు గుంజుత.
జానెడు ఎడం ఉంచాలె, అద్దం జూన్‌ల పెనం లెక్క కాల్తది.
సోమవారం తెల్లారక ముందే మళ్ల మూలకు.
ఒక ఆకు చిల్లులతోని, ఒక ఆకు లేకుండ
ఎందుకొస్తున్నదని అష్రఫ్ సార్ అడిగితే
"గాలి మార్పు సార్" అన్న.
నువ్వు గూడ గంతే అను.

ఇప్పుడొక ఆకు చుట్టుకొని ఉన్నది, బీడీ లెక్క.
వేలు పెట్టి విప్పకు, చినుగుతది.
ఎట్లొచ్చిందో ఫొటో పెట్టు,
మర్శిపోతే మర్శిపో.

ఆకుల కొసలు గోధుమరంగు తిరిగితే
నల్లా నీళ్లు బంద్ పెట్టు.
సముద్రం ఉప్పు ఎంత తీసినా ఆకు కొసకు తెలుస్తది.
సర్వీస్ రూంల ఏసీ పైపు కింద బకెట్ ఉన్నది,
ఎర్రది, పిడి ఇరిగింది.
మూడు గంటలకు నిండుతది.
పొర్లనియ్యకు,
కార్పెట్ కొత్తది.